క్యాంపస్‌లో డార్క్ ఫాంటసీ నవల: మాయకు మూల్యం ఎవరు చెల్లిస్తారు?

నమస్తే అండీ. యూనివర్సిటీ నేపథ్యంలో డార్క్ ఫాంటసీ నవల రాయాలనుకునేవాళ్ల కోసం ఈ వీడియో. చాలామంది ముందు దెయ్యాన్ని తయారుచేసుకుని, తర్వాత దానికో హాస్టల్ గది వెతుకుతారు. అలా కాకుండా ముందు ఆ విద్యాసంస్థకు డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. భయం అక్కడే దొరుకుతుంది.

లీ బార్డుగో రాసిన ‘నైన్త్ హౌస్’ తీసుకుందాం. 2019లో వచ్చింది. కథ చాలావరకు అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో జరుగుతుంది. అక్కడ ‘స్కల్ అండ్ బోన్స్’ అనే రహస్య సంఘం 1832 నుంచి నిజంగానే ఉంది. నవలలో వాళ్లు బతికున్న మనిషి కడుపు కోసి, పేగులు చూసి షేర్ మార్కెట్ జోస్యం చెబుతారు. లాభం సభ్యులకి, కోత ఒక రోగికి! ఈ ఒక్క సీన్‌తో ఆ లోకం మొత్తం అర్థమైపోతుంది. హీరోయిన్ అలెక్స్‌కి సీటు ఇచ్చింది కూడా జాలితో కాదు, ఆమెకు దెయ్యాలు కనిపిస్తాయి కాబట్టి. అయితే నవల మొదట్లో ఇలాంటి సంఘాల పేర్లు మరీ ఎక్కువైపోయాయని నా అభిప్రాయం. మీరు ఒక్క సంఘంతో మొదలుపెట్టండి, చాలు.

ఇప్పుడు మనకు దగ్గరి విషయం. ఎలిహు యేల్ 1687 నుంచి 1692 దాకా మద్రాసు సెయింట్ జార్జ్ కోటలో ఈస్టిండియా కంపెనీ తరఫున గవర్నరు. ఆ రోజుల్లో మద్రాసు రేవు నుంచి బానిసలను కూడా ఓడలెక్కించేవారు. తర్వాత ఆయన అమెరికాలోని ఓ చిన్న కాలేజీకి 9 బేళ్ల సరుకు, 417 పుస్తకాలు పంపాడు. సరుకు అమ్మితే 562 పౌండ్లు వచ్చాయి. 1718లో కాలేజీకి ఆయన పేరే పెట్టారు. అదే నేటి యేల్.

ఇక పెన్ను పట్టుకోండి. ఆ 9 బేళ్లలో ఒకదాన్ని ఎవరూ విప్పలేదనుకుందాం. అది లైబ్రరీ కింద గదిలో ఉంది. పీహెచ్‌డీకి వచ్చిన మన తెలుగమ్మాయి తాడు కోయగానే నీలిమందు వాసన. గుడ్డ మడతల్లోంచి ఎవరో ఆ అమ్మాయి ఊరి పేరు పలుకుతారు. పక్కన నిలబడ్డ రిజిస్ట్రార్‌కి అది వినపడదు, ఆమెకు వినపడుతుందని మాత్రం తెలుసు. స్కాలర్‌షిప్ ఇచ్చిందే అందుకు.

‘భయం’ అన్న మాట వాడకుండా దీన్ని ఒక పేజీ రాయండి. రిజిస్ట్రార్ ఆమెతో ఏ కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడో అందులో తప్పకుండా ఉండాలి.