వత్తు చెడకుండా ‘ధన్యవాదాలు’: రబ్బరు స్టాంపుతో చేతి కార్డులు

నమస్కారం. వెలుతురు సరిపోతోంది కదా... సరే, కెమెరాను బల్ల మీదికి తిప్పేశాను. ఇవాళ చేయబోయేది ఇదుగో, ఈ కార్డు. ముందువైపు ‘ధన్యవాదాలు’, కింద ముగ్గు చుక్కలు, లోపల ఖాళీ. పోయిన నెల మద్రాసు పెరంబూరులో మా గృహప్రవేశం జరిగింది. అందరికీ ఫోనులో ఒక సందేశం పెట్టేస్తే సరిపోతుంది కదా అన్నారు మావారు. తెల్లవారకముందే వచ్చి, పాలు పొంగించేటప్పుడు పక్కన నిలబడి, ఆనక గిన్నెలు కూడా కడిగి వెళ్లినవాళ్లకు ఫోనులో సందేశమా? మొత్తం 24 కార్డులు.

కాగితం ఇక్కడే ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధిలో కొన్నాను. పెళ్లి పత్రికల కొట్లన్నీ అక్కడే. 250 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు 250 గ్రాములు తూగే మందపు కాగితం, మెరుపు లేనిది. మెరుపుది వద్దు, సిరా పీల్చుకోదు, చేతికి అంటుకుంటుంది. ఏ4 కాగితాన్ని అడ్డంగా సగానికి కోయండి. రెండు ముక్కలు. ఒక్కొక్కటి 21 సెంటీమీటర్ల పొడవు. పదిన్నర దగ్గర గుర్తు, స్కేలు, గీత, మడత. ఇలా. అయిపోయింది.

గీత దేనితో గీశానంటారా? సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో. దీనికని వేరే పనిముట్టు అమ్ముతారు, నా దగ్గరా ఉంది, కొన్న రోజునుంచీ సొరుగులోనే ఉంది. గీయకుండా మడిస్తే మాత్రం మందపు కాగితం మడత దగ్గర పగులుతుంది. ఇదుగో, చూడండి, ఇలా.

ఇక స్టాంపు. ఆఫీసు ముద్రలు చేసే కొట్లోనే చేయించాను. మొదటిసారి మాట టైపు చేసి పంపాను. వాళ్ల కంప్యూటర్లో తెలుగు ఫాంటు సరిగ్గా లేదేమో, ‘న్య’ కాస్తా విడిపోయి, నకారప్పొల్లు ఒకచోట, పక్కన ‘య’ ఒకచోట వచ్చాయి. రబ్బరు మీద అక్షరాలు అద్దంలోలాగా తిరగబడి ఉంటాయి కదా, కొట్లో నేనూ కనిపెట్టలేదు. ఇంటికొచ్చి కొట్టి చూసుకున్నాక తలపట్టుకున్నాను. రెండోసారి లావు పాళీతో నేనే రాసి, బొమ్మగా పంపాను. మీరూ బొమ్మగానే పంపండి. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండనివ్వండి, మరీ చిన్నవైతే వత్తుల మధ్య సందు పూడిపోతుంది.

ఇప్పుడు అసలు పని. ఇక్కడ నిదానించండి, నేను పది కాగితాలు పాడుచేసింది ఇక్కడే. మనకు ముద్ర అంటే పోస్టాఫీసు గుర్తొస్తుంది. ప్యాడు మీద ఒక దెబ్బ, కాగితం మీద ఒక దెబ్బ, ఠపీ ఠపీ. నేనూ అలాగే కొట్టాను. ఇదుగో దాని ఫలితం. ‘ధ’ పొట్ట మూసుకుపోయింది, యవత్తు ముద్ద అయింది, చుట్టూ రబ్బరు అంచు కూడా పడింది. సిరా ఎక్కువ, బలం ఎక్కువ.

కాబట్టి ఏం చేయాలంటే, స్టాంపును ప్యాడు మీద అద్దకండి. స్టాంపును వెల్లకిలా పట్టుకుని, ప్యాడునే దాని మీద తట్టండి. నెమ్మదిగా, నాలుగైదు సార్లు. ఇలా... ఇలా. వెలుతురుకు పట్టి చూడండి. అక్షరాల మీద తడి మెరవాలి, గుంటల్లో నిలవకూడదు. నిలిచిందా, చిత్తు కాగితం మీద ఒక్కసారి ముద్ర వేసి పారేయండి. కార్డు మీద వేసేది రెండో ముద్ర.

కార్డు కింద మౌస్ ప్యాడు పెట్టాను, చూశారా? బల్ల గట్టిగా ఉంటే చివరి ‘లు’ అంటీ అంటనట్టు పడుతుంది. మౌస్ ప్యాడు లేకపోతే నాలుగు మడతల వార్తాపత్రిక చాలు. అన్నట్టు, కార్డును తెరిచి పరిచి ముద్ర వేయండి, మడిచి కాదు. ఇప్పుడు స్టాంపు తిన్నగా దించి, అరచేత్తో మధ్యలో నొక్కి, ఒకటి, రెండు, మూడు... అటూ ఇటూ ఊపకండి. ఊపినా అంచు పడుతుంది. రెండో చేత్తో కార్డు పట్టుకుని, స్టాంపును తిన్నగా పైకి. ఇదుగో! యవత్తు చూడండి, మెలిక మెలికగా కనిపిస్తోంది.

పిడి మీద పైవైపు పెన్నుతో చుక్క పెట్టుకోండి. లేకపోతే ఏ ఏడో కార్డు దగ్గరో మాట తలకిందులుగా పడుతుంది. ఎలా తెలుసని అడగకండి.

చుక్కలకు స్టాంపు కొనక్కర్లేదు. పెన్సిలు చివర రబ్బరు ఉంటుంది కదా, అదే. కొత్త పెన్సిలైతే అంచు గుండ్రంగా వస్తుంది. ఎర్ర ప్యాడులో ముంచి వరసగా అయిదు, వాటి సందుల్లో నాలుగు, మూడు, అలా ఒకటి దాకా. కలపాలనుకుంటే సన్న పెన్నుతో కలపండి. నేను చుక్కలుగానే వదిలేస్తాను, తీసుకున్నవాళ్లు మనసులో కలుపుకుంటారు.

ఆరేదాకా ఒకదాని మీద ఒకటి పెట్టకండి. మద్రాసు ఉక్క సంగతి తెలిసిందే, వానాకాలంలో నేను రాత్రంతా ఫ్యాను కింద పరిచి ఉంచుతాను. స్టాంపును తడిగుడ్డతో ఒత్తి తుడవండి, వత్తుల్లో సిరా ఉంటే మెత్తటి పాత బ్రష్షు. ఎండలో పెట్టకండి, రబ్బరు గట్టిపడి పగులుతుంది.

ఒకటి అయింది. ఇంకా ఇరవై మూడు ఉన్నాయి, చెయ్యి కుదిరినప్పుడే కానిచ్చేస్తాను. కెమెరా ఆపుతున్నాను.