గొంగడి ఏం జేసింది?

అధ్యక్షులకి, నా తోటి కార్టూన్ గీతగాళ్లకి, మా బొమ్మలు చూసి పొద్దున్నే తిట్టుకునే పాఠకులకి నమస్కారం. ఇవాళ న్యూజీలాండ్ మావోరీ నాయకుల మీద వెటకారం గురించి మాట్లాడతాను, 89 డాలర్ల డ్రాయరు దగ్గర మొదలుపెడతాను.

నవ్వకండి, అది చరిత్రలో ఉంది. 1996 న్యూజీలాండ్ ఎన్నికల్లో అక్కడి మూలవాసులైన మావోరీలకు కేటాయించిన 5 సీట్లనూ విన్‌స్టన్ పీటర్స్ పార్టీ న్యూజీలాండ్ ఫస్ట్ ఊడ్చేసింది. దశాబ్దాలుగా ఆ సీట్లు లేబర్ పార్టీకి పుట్టింటి సారె లాంటివి. గెలిచిన ఐదుగురికీ జనం రగ్బీ భాషలో ‘టైట్ ఫైవ్’ అని పేరు పెట్టారు. భుజం భుజం కలిపి స్క్రమ్ అనే తోపులాటలోకి తోసుకెళ్లే ఐదుగురన్నమాట. వాళ్లలో టుకు మోర్గాన్ ఒకాయన. మావోరీ టీవీ చానల్ ఒకటి పెట్టిస్తామని సర్కారు డబ్బుతో నడిచిన సంస్థకి డైరెక్టరుగా ఉంటూ, ఆ సంస్థ డబ్బుతో నాలుగు వేల డాలర్ల పైచిలుకు బట్టలు కొనుక్కున్నాడని 1997లో బయటపడింది. ఆ బిల్లులో 89 డాలర్ల డ్రాయరు ఉంది. ఒక్క డ్రాయరు!

మీలో గీసేవాళ్లకి చెప్పక్కర్లేదు, అలాంటి బిల్లు దొరికితే కార్టూనిస్టుకి పండగే. సూట్లూ బూట్లూ ఎవరికీ గుర్తుండవు. డ్రాయరు గుర్తుంటుంది. 1999 ఎన్నికల్లో మావోరీ సీట్లన్నీ మళ్లీ లేబర్‌కి వెళ్లిపోయాయి. పార్టీ కూలడానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి, కానీ జనం నోట్లో మిగిలింది డ్రాయరే.

నా లెక్కలో అది న్యాయమైన వెటకారం. తప్పు చేసిన మనిషి ఉన్నాడు, చేసిన పని ఉంది, చేతిలో బిల్లు ఉంది. మావోరీ అయినా కాకపోయినా ఆ జోకు అలాగే పేలేది. అయితే ఒక్క మనిషి డ్రాయరు మొత్తం మావోరీ టీవీ అనే ఆలోచనకే చుట్టుకుంది. ఆ చానల్ నిజంగా తెర మీదికి రావడానికి 2004 దాకా పట్టింది. సంగతి అక్కడే మొదలవుతుంది.

మొన్నామధ్య మా అమ్మాయి దగ్గర వెల్లింగ్టన్‌లో ఆరు నెలలున్నాను. అక్కడ పార్లమెంటుకి రోడ్డు దాటితే నేషనల్ లైబ్రరీ. దాన్లో ఉన్న టర్న్‌బుల్ లైబ్రరీలో 1992 నుంచి కార్టూన్ల కోసమే ఒక భాండాగారం నడుస్తోంది. పొద్దున్న మనవణ్ణి బడిలో దింపి నేనక్కడ దిగబడేవాణ్ణి. మన ఆర్.కె. లక్ష్మణ్ చిన్నప్పుడు ఒక కార్టూనిస్టు సంతకం చూసి ‘కౌ’ అని చదువుకున్నాడట, తర్వాతెప్పుడో అది ‘లో’ అని తెలిసిందట. ఆ డేవిడ్ లో పుట్టింది న్యూజీలాండ్‌లోనే, 1891లో, డనీడిన్‌లో. అంటే మనకీ ఆ ఊళ్లకీ గీతల చుట్టరికం పాతదే.

నాకు బాగా పట్టుకున్న కథ మాత్రం కార్టూన్లకంటే ముందుది. 1858లో వైకాటో ప్రాంతపు మావోరీలు, ఇంగ్లీషువాళ్లకి భూములు పోకుండా కాపాడుకోవాలని, తమకో రాజుని ఎన్నుకున్నారు. ఇద్దరు మావోరీలు ఆస్ట్రియా ఓడెక్కి వియన్నా వెళ్లి అచ్చుపని నేర్చుకుంటే, చక్రవర్తి వాళ్లకో ముద్రణ యంత్రం బహుమతిగా ఇచ్చాడు. దాని మీద రాజు తరఫు పత్రిక వేశారు. పేరు హొకియోయ్. అది ఆకాశంలో ఎగిరే, ఎవరికీ కనబడని పెద్ద పక్షి. దానికి పోటీగా 1863లో జాన్ గోర్స్ట్ అనే దొర, గవర్నరు అండతో, మావోరీ భాషలోనే ఇంకో పత్రిక పెట్టాడు. దాని పేరు ‘ఇంటికప్పు మీద ఒంటరి పిచ్చుక’. బైబిల్ కీర్తనలోంచి తీసుకున్నాడు. ఆ పిచ్చుక పని ఏమిటంటే రాజునీ రాజరికాన్నీ ఎగతాళి చెయ్యడం.

రెండు పక్షుల కొట్లాట! కొద్ది సంచికలకే, మార్చిలో, రాజు పక్షపు నాయకుడు రేవి మానియాపోటో మనుషులు వచ్చి గోర్స్ట్ ముద్రణ యంత్రాన్ని ఎత్తుకుపోయారు. జులైలో తెల్లవాళ్ల సైన్యం వైకాటోలోకి దిగింది. యుద్ధానికి కారణం పత్రిక కాదు, భూమి. కానీ గమనించండి: మావోరీ నాయకత్వం మీద వెటకారం అచ్చు వేసిన చెయ్యీ, భూమి అడిగిన చెయ్యీ ఒకటే. అక్కడి జనం ఆ సంగతి మర్చిపోలేదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జేమ్స్ కారల్ అనే మావోరీ మంత్రి ఉండేవాడు. 1909లో, 1911లో తాత్కాలిక ప్రధానిగా కూడా చేశాడు. మావోరీ భూములు త్వరగా అమ్మించమని తెల్లరైతులు గోల పెడితే ఆయన తొందరపడలేదు. ఆయన విధానానికి ‘తైహోవా’ అని పేరు తగిలించారు. తైహోవా అంటే ఆగండి, చూద్దాం అని. మన గోడల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవాళ్లే, అదన్నమాట. రేపు రా మంత్రి! వెటకారంగా చూస్తే అది సోమరి నాయకుడి కథ. భూమి పోగొట్టుకునేవాడి వైపునుంచి చూస్తే, ‘రేపు రా’ అనడం తప్ప చేతిలో ఇంకే ఆయుధముంది?

ఇక 2004. సముద్రతీరం ఎవరిదన్న గొడవ. తీరం మీద తమ హక్కు సంగతి కోర్టులో తేల్చుకోవచ్చని మావోరీలకు అప్పీలు కోర్టు తలుపు తెరిచింది. లేబర్ ప్రభుత్వం చట్టం తెచ్చి ఆ తలుపు మూసేస్తానంది. వేలమంది హీకోయ్, అంటే పాదయాత్ర చేసి, మే నెలలో పార్లమెంటుకి వచ్చారు. ప్రధాని హెలెన్ క్లార్క్ యాత్ర నాయకులని కలవలేదు. కానీ ఆ రోజుల్లోనే ఆమె ష్రెక్ అనే గొర్రెని కలిసింది. ఆరేళ్లు కత్తెరకి దొరక్కుండా కొండల్లో దాక్కుని, 27 కిలోల ఉన్ని మోసుకు తిరిగిన గొర్రె అది. దాంతో ఫొటో దిగింది. నేను చెప్పేది కార్టూన్ కాదండీ, జరిగిందే! ఇలాంటప్పుడు మన వృత్తికి పని ఉండదు, ఉన్నది ఉన్నట్టు గీస్తే చాలు. ఆమె ప్రభుత్వంలో మంత్రిగా ఉన్న టరియానా టురియా బయటికొచ్చి మావోరీ పార్టీ పెట్టింది.

మరుసటి ఏడు ఎన్నికల్లో ప్రతిపక్షం ఊరూరా హోర్డింగులు పెట్టింది. ఒక పక్క క్లార్క్ బొమ్మ, ‘ఇవి’ అన్న మాట. ఇంకోపక్క తమ నాయకుడు డాన్ బ్రాష్ బొమ్మ, ‘కివి’ అన్న మాట. మన తెలుగు ‘ఇవి’ కాదు. ఇవి అంటే మావోరీ తెగ. కివి అంటే న్యూజీలాండ్ మనిషి. ఇంగ్లీషులో ఒక్క అక్షరం తీసేస్తే వాళ్లు ఈ దేశస్థులు కాకుండా పోతారు. చేతిపనిగా చూస్తే అద్భుతం. దాని ముందు ఏ కార్టూనూ నిలబడదు. అసూయ పడ్డాను, తర్వాత సిగ్గుపడ్డాను.

ఎందుకో చెప్పాలంటే నా సంగతొకటి చెప్పాలి. నేను ఒక దినపత్రికలో పనిచేసే రోజుల్లో, ఒక నాయకుడు రాత్రికి రాత్రి పార్టీ మారాడు. ఆయన గొర్రెలు కాసే కులంలోంచి వచ్చినవాడు. నేను భుజాన గొంగడి వేసి, చేతికి కర్ర ఇచ్చి, ఒక మందలోంచి ఇంకో మందలోకి దూకుతున్నట్టు గీశాను. పేజీకి పంపించాక మా అటెండరు టీ తెచ్చిపెట్టి బొమ్మ వైపు చూశాడు. “పార్టీ మారింది ఆయన గద సార్, గొంగడి ఏం జేసింది?” అన్నాడు. బొమ్మ మర్నాడు అచ్చయింది, మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ టీ మాత్రం నేను తాగలేదు.

2013లో న్యూజీలాండ్‌లో పిల్లలకి బడిలో ఉచిత టిఫిన్ పథకం విస్తరిస్తే, అల్ నిస్బెట్ అనే ఆయన రెండు కార్టూన్లు గీశాడు. ఒకదాన్లో చామనఛాయ పెద్దవాళ్లు పిల్లల యూనిఫాం తొడుక్కుని టిఫిన్‌కి బయల్దేరతారు. ఇంకోదాన్లో ఒక కుటుంబం, ముందు మందు, సిగరెట్లు, లాటరీ టికెట్లు. లూయిసా వాల్ అనే మావోరీ ఎంపీ కేసు వేసింది. 2017లో ట్రిబ్యునల్, 2018లో హైకోర్టు ఒకటే మాట అన్నాయి: బొమ్మలు అవమానకరమే, కానీ చట్టం చెప్పిన హద్దు దాటలేదు. తీర్పుతో నాకు పేచీ లేదు. కార్టూనిస్టుని జైల్లో పెట్టే దేశం నాకొద్దు. కానీ ఆ బొమ్మల్లో డ్రాయరు బిల్లు ఎక్కడ? తప్పు చేసిన మనిషెవరు? ఉన్నదంతా గొంగడే.

మావోరీ నాయకుడిని గీయడంలో ఇంకో చిక్కుంది. మన పనికి మొదటి సూత్రం ఏంటి? తల పెద్దది చెయ్యి, ఒళ్లు చిన్నది చెయ్యి. మావోరీలకి తల పవిత్రం. ముఖం మీది మోకో అనే పచ్చబొట్టు అలంకారం కాదు, ఆ గీతల్లో మనిషి వంశం ఉంటుంది. తెలియనివాడు నాలుగు సుడులు తిప్పేసి మోకో అయిపోయిందనుకుంటాడు. ఆ పూట అతను ఎవరి తాతనో కొట్టేసి ఇంకెవరి తాతనో రాసిపెట్టాడు.

అందుకే హ్యారీ డాన్సీ బొమ్మలంటే నాకు కుతూహలం. రెండో ప్రపంచ యుద్ధంలో మావోరీ బెటాలియన్‌లో పనిచేసి వచ్చి, పత్రికల్లో రాసుకుంటూ గీసుకుంటూ బతికిన మావోరీ. 1975లో ఆ దేశపు జాతి సంబంధాల మధ్యవర్తి అయ్యాడు. కుంచె పట్టినవాడికి అలాంటి ఉద్యోగం ఇచ్చిన ప్రభుత్వం ఇంకెక్కడన్నా ఉందా?

ఇప్పటి మావోరీ పార్టీ అధినేతల్లో రావిరి వైటిటి ఒకడు. అక్కడ ఒక పురుషుడూ ఒక స్త్రీ కలిసి పార్టీని నడుపుతారు. ముఖమంతా మోకో, తల మీద టోపీ. 2021 ఫిబ్రవరిలో టై కట్టుకోలేదని స్పీకరు ఆయన్ని సభ నుంచి పంపించేశాడు. మెడలో రాతి లాకెట్టు ఉంది, అదే నా టై అన్నాడు. టైని వలసవాదపు ఉరితాడు అన్నాడు. ఒక రోజు తిరిగేసరికి టై నిబంధనే పోయింది. చూడండి, బొమ్మా ఆయనే ఇచ్చాడు, కింద రాసే మాటా ఆయనే ఇచ్చాడు.

ఈ సభ కోసం ఆయన్ని గీసుకొద్దామని కూర్చున్నాను. టోపీ వచ్చింది. టై లేని మెడ వచ్చింది, లాకెట్టు బాగా కుదిరింది. ముఖం దగ్గర పెన్ను ఆగింది. సంచీలో ఉంది ఆ కాగితం, ముఖం ఖాళీగానే ఉంది. చూస్తానంటే టీ దగ్గర చూపిస్తాను. మీలో ఎవరికైనా చెయ్యి ధైర్యంగా ఉంటే పూర్తిచెయ్యండి, నా సంతకం మాత్రం పెట్టకండి.