జుట్టు నాటించుకున్నాక... డాక్టర్‌తో ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఈ రోజు హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్, అంటే తల వెనక జుట్టును కుదుళ్లతో సహా తీసి పలచబడ్డ చోట నాటడం గురించి మాట్లాడుకుందాం. ముఖ్యంగా, చేయించుకుని ఇంటికొచ్చాక ఏమవుతుందనే దాని గురించి. స్టూడియోలో చర్మవ్యాధుల నిపుణులు ఉన్నారు. మొదటి కాల్ జగిత్యాల నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే సార్. నేను దుబాయ్‌ల పని చేస్త, లీవు మీద వచ్చిన. శనివారం చేయించుకున్న. ఇయ్యాల పొద్దుగాల లేచి సూస్తే మొఖమంత ఉబ్బింది. కండ్లు తెరుస్తలేవు. మా అవ్వ ఒక్కటే ఏడుస్తున్నది.

డాక్టర్: నొప్పి ఉందా? జ్వరం?

కాలర్: లేదు సార్. బరువుగ ఉన్నది, అంతే.

డాక్టర్: అయితే మీ అమ్మగారికి ధైర్యం చెప్పండి. మత్తుకని, రక్తం ఎక్కువ రాకూడదని నెత్తి చర్మంలోకి మందునీళ్లు ఎక్కిస్తారు. అవే ఇప్పుడు నుదుటి మీదుగా కళ్ల దాకా దిగాయి. మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా వాపు ఎక్కువ ఉంటుంది, వారానికల్లా తగ్గిపోతుంది. రెండు దిండ్లు వేసుకుని తల ఎత్తులో పెట్టి వెల్లకిలా పడుకోండి. ఐసు నుదుటి మీద పెట్టుకోవచ్చు, నాటిన చోట మాత్రం పెట్టొద్దు.

కాలర్: తలస్నానం ఎట్ల సార్?

డాక్టర్: మొదటిసారి మీ క్లినిక్‌లోనే చేయించుకుని, ఎలా చేస్తున్నారో చూసి నేర్చుకోండి. ఇంట్లో మగ్గుతో మెల్లగా పోసుకోవాలి, షవర్ వద్దు. నురుగును అద్దాలి, రుద్దకూడదు. పక్కులు కడతాయి, దురద పెడుతుంది. ఈ వారంలో గోరు తగిలిందంటే పక్కుతో పాటు కుదురూ ఊడొస్తుంది. పది రోజులు దాటితే కుదురు గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు నానబెట్టి వేలికొసలతో మెల్లగా రాస్తే పక్కులు వాటంతట అవే పోతాయి.

కాలర్: ఇంకో ముచ్చట సార్. వచ్చే వారమే డ్యూటీల చేరాలె. సైట్ మీద హెల్మెట్ లేంది రానియ్యరు.

డాక్టర్: గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లందరూ ఇదే చేస్తారండీ. లీవంతా చుట్టాలకి ఇచ్చి, చివరి వారం నాకిస్తారు! హెల్మెట్ రాపిడి, లోపల చెమట, పైన ఆ ఎండ... మూడు నాలుగు వారాలు తప్పించుకుంటే మంచిది. క్లినిక్‌లో లెటర్ రాయించుకుని, స్టోర్స్‌లోనో ఆఫీసులోనో పని అడిగి చూడండి. కుదరకపోతే నీడలో తీసి ఆరబెట్టుకుంటూ ఉండండి, లోపల శుభ్రమైన నూలు గుడ్డ వేసుకోండి. హెల్మెట్ లేకుండా సైట్‌లోకి మాత్రం పోవద్దు. జుట్టు కంటే తల ముఖ్యం.

యాంకర్: భీమవరం నుంచి ఒకమ్మగారు. అమ్మా, టీవీ సౌండ్ కాస్త తగ్గించండి.

కాలర్: తగ్గించానండి. మా అబ్బాయికండి. చేయించి రెండు నెలలైంది. మొదట్లో బాగానే ఉందనుకున్నాం. ఇప్పుడు దిండు నిండా వెంట్రుకలేనండి. అంతకుముందున్నవి కూడా పలచబడిపోయాయి. వాడు గదిలోంచి బయటికే రావట్లేదు. సంబంధాలు వస్తున్నాయి, ఫొటో పంపమంటున్నారు, ఏం చెయ్యాలండి?

డాక్టర్: బాబుని కూడా ఫోన్ దగ్గరికి రమ్మనండమ్మా, వినాల్సింది తను. మొదటి నెలలో మీరు చూసింది కొత్తగా మొలిచిన జుట్టు కాదు. కుదురుతో పాటు నాటిన పాత వెంట్రుక అది. రెండో వారం నుంచి రెండో నెల దాకా దాదాపు అందరికీ రాలుతుంది. ఆ తాకిడికి పక్కనున్న సొంత జుట్టు కూడా కొంత రాలొచ్చు. దీన్నే మేం షాక్ లాస్ అంటాం. పైన వెంట్రుక పోయినా లోపల కుదురు ఉంటుంది, కొన్నాళ్లు నిద్రపోతుంది.

కాలర్: వరి ఊడ్చిన వారానికి చేను ఎర్రబడి, ఆనక మూన తిరిగి పచ్చబడినట్టన్నమాట.

డాక్టర్: (నవ్వుతూ) ఇక మా పేషెంట్లకి నేనూ ఇదే చెప్తానమ్మా. మూడు నాలుగు నెలలకి సన్నటి వెంట్రుకలు వస్తాయి, కొందరికి వంకరగా కూడా. వెంట్రుక నెలకి పెరిగేది సెంటీమీటరు, అంతే. ఆరు నెలలకి అద్దంలో తేడా తెలుస్తుంది, అసలు ఫలితం చూసేది ఏడాదికి. నడినెత్తి మీద అయితే ఏడాదిన్నర కూడా పడుతుంది. అందుకని రోజూ లెక్కపెట్టొద్దు. నెలకోసారి ఒకే చోట నిలబడి, ఒకే వెలుతురులో ఫొటో తీసుకోమనండి. పెళ్లివారికి ఇప్పుడున్న ఫొటోనే పంపండి. ఎలాగూ ఇంటికొచ్చి చూస్తారు కదా.

కాలర్: చిన్న చిన్న కురుపులు కూడా వచ్చాయండి. మా చెల్లెలు ఉల్లిరసం రాయమంటోంది.

డాక్టర్: వద్దమ్మా, మండి చర్మం ఇంకా ఎర్రబడుతుంది. కొత్త వెంట్రుక చర్మాన్ని చీల్చుకొచ్చేటప్పుడు ఒకటి రెండు కురుపులు మామూలే, గోరువెచ్చటి గుడ్డ అద్దితే చాలు. గుంపుగా వచ్చినా, చీము పట్టినా, ముట్టుకుంటే నొప్పి పెట్టినా ఆ రోజే చూపించాలి. నాటిన చోట చర్మం నల్లబడితే ఒక్క గంట కూడా ఆగొద్దు. రక్తం అందకపోతే అలా అవుతుంది. ఇది అరుదే.

యాంకర్: కర్నూలు కాలర్.

కాలర్: నాకు నాలుగు నెల్లయింది సార్. తిరుమల మొక్కు ఉంది. గుండు కొట్టిస్తే నాటిందంతా పోతుందా?

డాక్టర్: పోదు. కత్తి కోసేది పైనున్న వెంట్రుకనే, కుదురు లోపలే ఉంటుంది. కానీ మీకిప్పుడే కొత్త జుట్టు బయటికి వస్తోంది. ఆ చోట స్పర్శ కూడా పూర్తిగా తిరిగి ఉండదు, గాటు పడినా తెలీదు. ఏడాది నిండాక కొట్టించుకోమని నా సలహా. ఇంతకీ మీది వెనకాల చర్మం పట్టీలా కోసి కుట్లేసిన పద్ధతా?

కాలర్: అవును సార్.

డాక్టర్: అయితే గుండులో చెవి నుంచి చెవి దాకా గీత కనిపిస్తుంది. ముందే తెలిస్తే కంగారుండదు.

యాంకర్: పోనీ, ఆడవాళ్లలా మూడు కత్తెరలిస్తేనో?

డాక్టర్: అది పూజారిగారి శాఖండీ. (నవ్వులు)

యాంకర్: చివరి కాల్, హైదరాబాద్ నుంచి.

కాలర్: సర్, నేనింకా చేయించుకోలేదు. చేయించుకుంటే మాత్రలూ, తలకి రాసే మందూ మానేయొచ్చా?

డాక్టర్: సాధారణంగా మానకూడదు. వెనకనుంచి తెచ్చి నాటింది నిలుస్తుంది. ఎక్కడ నాటినా ఆ కుదురు తన గుణం వదలదని న్యూయార్క్‌లో నార్మన్ ఓరెంట్రైక్ అనే డాక్టర్ 1959లోనే చెప్పారు. ముందున్న మీ సొంత జుట్టు పలచబడటం మాత్రం ఆగదు. మందు మానేస్తే కొన్నేళ్లకి నాటింది ఒక ద్వీపంలా మిగలొచ్చు. మీరన్న మాత్ర ఫినాస్టరైడ్ అయితే, దానివల్ల కొందరిలో లైంగిక ఇబ్బందులు వస్తాయి, వస్తే సిగ్గుపడకుండా చెప్పాలి. ఇంట్లో గర్భిణి ఉంటే నలిగిన మాత్రని ఆమె ముట్టుకోకూడదు.

కాలర్: ఒకచోట సగం రేటుకే చేస్తామంటున్నారు సర్.

డాక్టర్: నాటేదెవరు? డాక్టరా, టెక్నీషియనా?

కాలర్: అడగలేదు సర్.

డాక్టర్: అడగండి. సర్జరీలో శిక్షణ ఉన్న డాక్టరే చేయాలని, యూట్యూబ్ చూసి నేర్చుకున్నది శిక్షణ కిందికి రాదని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ స్పష్టంగా చెప్పింది. డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు కాగితం మీద రాసివ్వమనండి. రాత్రి రెండింటికి మొహం వాచి మీకు భయమేస్తే ఫోన్ ఎత్తేదెవరో కూడా అడగండి.

కాలర్: ఇన్ని అడిగితే ఏమనుకుంటారో సర్.

డాక్టర్: అనుకోనీండి. రాసివ్వకపోతే లేచి వచ్చేయండి.