పసిపిల్లల ఫిట్స్ మందు: పావు మాత్రను ఎంతవరకు నమ్మగలం?

(బెంగళూరు స్టూడియోలో జరిగిన చర్చ నుంచి)

యాంకర్: నమస్కారం. ఫిట్స్ ఉన్న పసిపిల్లలకు మందు పట్టించడం గురించి మాట్లాడుకుందాం. పిల్లల నరాల డాక్టరుగారు, మందుల తయారీ నిపుణులు, మారతహళ్లి నుంచి ఒక తల్లి వచ్చారు. అమ్మా, ముందు మీరు చెప్పండి.

తల్లి: బాబుకు ఏడాదిన్నర అండి. పావు మాత్ర వేయమన్నారు. బ్లేడుతో కోస్తే ఒక ముక్క పెద్దది, ఒకటి చిన్నది, మిగిలింది పొడి. తేనెలో రంగరించి నాలుకకు రాస్తే సగం ఉమ్మేస్తాడు. మళ్లీ వేస్తే ఎక్కువవుతుందేమో, వేయకపోతే రాత్రికి ఫిట్స్ వస్తుందేమో. రెండు పూటలా ఇదే టెన్షన్.

డాక్టర్: మీ భయం సరైనదేనమ్మా. ఉమ్మేసిన మందు మా చీటీలో ఉంటుంది గానీ బిడ్డ ఒంట్లో ఉండదు. ఫిట్స్ తగ్గలేదని మేము డోసు పెంచేస్తాం. అందుకే మందు మార్చేముందు, అసలు ఎలా పట్టిస్తున్నారో అడగాలి. ఇంకో మాట. నెమ్మదిగా విడుదలయ్యేలా చేసిన మాత్రల్ని నలిపితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగిపోతుంది. వాటిని నలపకూడదు.

యాంకర్: సిరప్ ఉంది కదండీ?

డాక్టర్: ఉంది, అదీ జాగ్రత్తగానే వాడాలి. లెవెటిరాసెటమ్ అనే ఫిట్స్ మందు ద్రావణం ఒక ఎం.ఎల్.లో 100 మిల్లీగ్రాములు ఉంటుంది. వాల్‌ప్రోయేట్ అనే మరో ఫిట్స్ మందు సిరప్ 5 ఎం.ఎల్.లో 200 ఉంటుంది, అంటే ఎం.ఎల్.కి 40. ఒకదాని కొలత రెండోదానికి వాడితే రెండున్నర రెట్లు తేడా! వంటింటి చెంచా అసలొద్దు, గీతలున్న సిరంజితోనే కొలవండి. ఫెనిటాయిన్ అనే ఇంకో ఫిట్స్ మందు సస్పెన్షన్, అంటే మందు పొడి కరగకుండా తేలుతూ ఉండే ద్రవం అయితే సీసా బాగా కుదపాలి. లేకపోతే పైన పలచగా, అడుగున చిక్కగా ఉంటుంది. ఆ మందుకు డోసు కాస్త పెరిగినా రక్తంలో మోతాదు ఒక్కసారిగా ఎక్కిపోతుంది. ఫిట్స్ తగ్గడానికి కొవ్వు ఎక్కువగా, అన్నం, చక్కెర లాంటివి బాగా తక్కువగా పెట్టే కీటో డైట్‌లో ఉన్న పిల్లలకైతే సిరప్‌లోని చక్కెర కూడా లెక్కే.

యాంకర్: సార్, చేదును పోగొట్టలేరా?

నిపుణుడు: చక్కెర, వాసన కలిపితే కొంతే తగ్గుతుందండి. అంతకంటే మంచి పద్ధతి, చిన్న గుళికలకు ఒక పూత వేయడం. నోట్లో లాలాజలానికి ఆ పూత కరగదు, కడుపులోని ఆమ్లానికి కరుగుతుంది. అలా చేస్తే నాలుకకు చేదే తగలదు. ఆవగింజంత, అంటే 2 మిల్లీమీటర్ల మినీ మాత్రల్ని ఆరు నెలల పిల్లలు కూడా మింగగలరని జర్మనీలో చేసిన పరీక్షల్లో తేలింది. వీటిలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. బరువును బట్టి మూడు వేయాలా, ఐదు వేయాలా అని లెక్కపెట్టి వేయొచ్చు, కోసే పనుండదు. 2015లో అమెరికాలో పొర మీద పొర పేర్చే 3డి ప్రింటింగ్‌తో చేసిన లెవెటిరాసెటమ్ మాత్రకు అనుమతి వచ్చింది. గుక్కెడు నీళ్లతో నోట్లోనే విడిపోతుంది. కానీ అది 20 కిలోలు దాటిన పిల్లలకే. మీ బాబుకు పనికిరాదమ్మా.

తల్లి: మరి చిన్నపిల్లలకు ఎందుకు చేయరండీ? ఫిట్స్ వచ్చేది పెద్దవాళ్లకేనా?

నిపుణుడు: మీరడిగింది న్యాయం. పిల్లల మందుకు కొనేవాళ్లు తక్కువ, పరీక్షల ఖర్చు ఎక్కువ అని కంపెనీలు వెనక్కి తగ్గుతాయి. పిల్లలకు తగ్గ మందులు తయారుచేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే పిలుపునిచ్చింది. ప్రభుత్వ ఆస్పత్రులు కలిసి ముందస్తుగా ఆర్డరు పెడితే కంపెనీకి ధైర్యం వస్తుంది.

యాంకర్: డాక్టరుగారూ, ఈ రాత్రి ఆమె ఏం చేయాలి?

డాక్టర్: ఉమ్మేస్తే అంచనా వేసి మళ్లీ వేయొద్దమ్మా. ఎన్ని గంటలకు, ఎంత బయటికి వచ్చిందో రాసి మీ డాక్టరుకు ఫోన్ చేయండి. అదే మందు ద్రవరూపంలో ఉందేమో అడగండి. మీ అంతట మీరు మాత్రం మానేయొద్దు. మందు ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ ఆగకుండా రావచ్చు. ఐదు నిమిషాలు దాటినా తగ్గకపోతే, డాక్టరు రాసిచ్చిన ముక్కు స్ప్రే ఉంటే వాడి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.