అర్ధరాత్రి ఎద్దులు మాట్లాడతాయట! క్రిస్మస్ జంతువుల కథలు, మన పద్యాల్లో

[తెర మీద: మంచు కురుస్తున్న రాత్రి. చిన్న పశువుల పాక. లోపల లాంతరు వెలుగు. గోడ గడియారం పన్నెండుకు దగ్గరపడుతోంది.]

పాకలో నడిరేయి యెద్దులు
పలుకులాడుట విందుననుకొని
గడ్డిమేటున నక్కె రైతొక
డూపిరిని బిగబట్టుకొని.

"అన్న! రేపటి పనులు ఏమిటి?"
అడిగె తెల్లది నల్లదానిని.
"మనల మేపిన దొరను మోయుట,
మట్టి గోతికి చేర్చుటే!"

[తెర మీద: లాంతరు ఆరిపోతుంది. ఒక్క క్షణం చీకటి. తర్వాత యాంకర్.]

నమస్తే. ఇప్పుడు విన్నది జర్మనీ పల్లెల్లో చెప్పుకునే కథ. క్రిస్మస్ ముందు రాత్రి, అంటే డిసెంబర్ 24 అర్ధరాత్రి, పశువులకు కాసేపు మాట వస్తుందని యూరప్‌లో చాలా దేశాల నమ్మకం. యేసు పుట్టినప్పుడు దగ్గరుండి చూసింది అవేనట, అందుకని ఏడాదికోసారి ఆ వరం. వినడానికి ముద్దుగా ఉంది కదా. కానీ ఈ కథలో రైతు ఏమయ్యాడో చూశారుగా. చాటుగా విన్నవాడికి తన చావు కబురే వినపడింది. కొన్ని చోట్ల అయితే ఆ భయంతోనే మంచం పడతాడు, కొన్ని చోట్ల ఎద్దులు చెప్పినట్టే వారం తిరక్కుండా అవే అతని శవపేటిక బండిని లాగుతాయి.

క్రిస్మస్ జంతువులంటే మనకు గుర్తొచ్చేది కార్డుల మీద నవ్వే రెయిన్‌డీర్. పాత కథల్లో జంతువులు అలా ఉండవు. అవి సాక్ష్యం చెబుతాయి, తీర్పు చెబుతాయి, వెక్కిరిస్తాయి, ఒకటైతే మనుషుల్ని తినేస్తుంది కూడా. ఇంకో సంగతి. వీటిలో చాలా వరకు పద్యంగానో పాటగానో బతికాయి. అందుకే మనం కూడా ఇవాళ మధ్యమధ్యలో పద్యాల్లోనే చెప్పుకుందాం. నడక గురజాడ వారి ముత్యాలసరం, మూడు-నాలుగు, మూడు-నాలుగు. కాలితో తాళం వేస్తూ వినండి, బావుంటుంది.

పోలండ్‌లో ఇదే నమ్మకం కాస్త మెత్తగా ఉంటుంది. ఆ రాత్రి విందుకి ముందు ఇంట్లోవాళ్లు ఒప్వాతెక్ అనే పల్చటి అప్పం ఒకరిది ఒకరు విరిచి తింటారు. పశువులకు కూడా వాటా ఉండేది, రంగు కలిపిన అప్పాలు విడిగా చేసి కొట్టంలోకి తీసుకెళ్లేవారు. తిన్న పశువు అర్ధరాత్రి మాట్లాడుతుందంటారు. వినడానికి మాత్రం ఎవరూ వెళ్లకూడదు. పోలండ్ అయినా జర్మనీ అయినా ఆ నిషేధం ఒకటే. ఏడాదంతా మనిషి మాటే చెల్లుతుంది, ఆ ఒక్క గంట మాత్రం వాటిది. నాకైతే ఈ షరతే కథకి ప్రాణం అనిపిస్తుంది.

[తెర మీద: చర్చిలో కట్టిన పశువుల పాక బొమ్మలు. ఎద్దు, గాడిద దగ్గరగా.]

సరే, అసలు ఈ ఎద్దు, గాడిద కథలోకి ఎలా వచ్చాయి? మన ఊళ్లలో కూడా డిసెంబర్ రాగానే చర్చిలో గడ్డి పరిచి, పాక కట్టి, ఎద్దు బొమ్మా గాడిద బొమ్మా పెడతారు. లూకా సువార్త రెండో అధ్యాయం తెరవండి. పశువుల తొట్టి ఉంది. పొలంలో గొర్రెల కాపరులు ఉన్నారు. తొట్టి పక్కన ఎద్దు లేదు, గాడిదా లేదు. మత్తయి సువార్తలోనూ లేవు.

అవి వచ్చింది పాత నిబంధన నుంచి. యెషయా గ్రంథం మొదటి అధ్యాయంలో ప్రవక్త తన జనం మీద కోపంతో అంటాడు: "ఎద్దు తన కామందు నెరుగును, గాడిద సొంతవాని దొడ్డి తెలిసికొనును", నా జనానికే ఆ పాటి తెలివి లేదు అని. తొలినాటి క్రైస్తవులు దీన్ని తొట్టిలో పడుకున్న శిశువుకి అన్వయించుకున్నారు. ఇటలీలోని మిలాన్‌లో నాలుగో శతాబ్దపు రాతి శవపేటిక ఒకటుంది. దాని మీద చెక్కిన బొమ్మలో శిశువుకి అటు ఎద్దు, ఇటు గాడిద. మరియమ్మ, యోసేపు ఆ బొమ్మలో లేనే లేరు! తర్వాతి శతాబ్దాల్లో లాటిన్‌లో రాసిన ఒక అనధికార సువార్త, ఆ రెండూ శిశువుకి మొక్కాయని కథగా చెప్పేసింది. 1223లో పునీత అస్సీసీ ఫ్రాన్సిస్ ఇటలీలోని గ్రెచ్చో ఊళ్లో ఏకంగా నిజం ఎద్దునీ నిజం గాడిదనీ తెచ్చి, గడ్డి పరిచి క్రిస్మస్ జరిపించారు. ఇక వాటిని ఆ పాకలోంచి ఎవరూ కదపలేకపోయారు.

మధ్యయుగపు ఫ్రాన్స్‌లో గాడిదకి విడిగా పండగే ఉండేది. బోవే పట్టణంలో జనవరి 14న ఒక అమ్మాయిని పసిబిడ్డతో గాడిదెక్కించి, ఊరేగింపుగా గుడిలోకి తీసుకొచ్చేవారు. తూర్పు దిక్కు నుంచి వచ్చిన అందమైన, బలమైన గాడిదా అంటూ లాటిన్‌లో పాట. పూజ చివర గురువుగారు దీవెన మాటలకి బదులు మూడుసార్లు ఓండ్రపెట్టాలి. జనం తిరిగి మూడుసార్లు ఓండ్రపెట్టాలి. ఇది వేళాకోళమా, భక్తా? రెండూ అనుకుంటాను. చర్చి పెద్దలకి మాత్రం ఇలాంటివి రుచించలేదు, మెల్లగా ఆపించేశారు. ఆ గాడిద పాట రాగం మాత్రం బతికింది. ఇరవయ్యో శతాబ్దంలో దానికి ఇంగ్లిష్ మాటలు కట్టి, ఒక్కో జంతువూ తను శిశువుకి ఏమిచ్చిందో చెప్పుకునే పాటగా మార్చారు. గాడిద మోశానంటుంది, ఆవు తొట్టి ఇచ్చానంటుంది, గొర్రె ఉన్ని ఇచ్చానంటుంది.

[తెర మీద: కోడి, బాతు, కాకి, ఎద్దు, గొర్రె, గాడిద వరసగా. ఒక్కొక్కటి నోరు తెరిచినప్పుడు దాని మాట తెర మీద పడాలి.]

లాటిన్‌లోనే ఇంకో చమత్కారం ఉంది. ఆ రాత్రి జంతువులు మాట్లాడుకున్న మాటలు వాటి కూతల్లాగే వినిపించేలా అల్లారు. కోడి "క్రిస్తుస్ నాతుస్ ఎస్త్" అని కూస్తుంది, క్రీస్తు పుట్టాడని. బాతు, కొన్ని చోట్ల బొంతకాకి, "క్వాండో?" అంటుంది, ఎప్పుడని. ఎద్దు "ఊబీ?" అని రంకె వేస్తుంది, ఎక్కడని. గొర్రె "బే..." అని బేత్లెహేము పేరు సాగదీస్తుంది. పాత చిత్రాల్లో జంతువుల నోటి దగ్గర ఈ మాటలు రాసి ఉండేవి. ఇది తెలుగులో ఎలా ఉంటుందో చూద్దామని నేను ఒక ప్రయత్నం చేశాను. పిల్లలుంటే పిలవండి.

కోడి: కొక్కొరొకో! రాజొచ్చాడొహో!
బాతు: ఎప్పుడెప్పుడెప్పుడెప్పుడు?
కాకి: ఇప్పుడే కా! ఈ రాత్రే కా!
ఎద్దు: అంబా! ఏ ఊళ్లోనంబా?
గొర్రె: బే... బే... బేత్లెహేము!
గాడిద: ఓ... ఓ... పోదామోయ్ పోదాం!

గొర్రెకి నేను పెద్దగా కష్టపడాల్సిన పని లేకపోయింది. తెలుగు బైబిల్లో ఊరి పేరే దానికి సరిగ్గా కుదిరింది.

ఇప్పుడు ఇంగ్లండ్ వెళ్దాం. అక్కడ ఎద్దులు మాట్లాడవు, మోకరిల్లుతాయి. అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే కొట్టంలో ఉన్న పశువులన్నీ మోకాళ్ల మీద వంగుతాయని నమ్మకం. మరి ఎవరైనా వెళ్లి చూశారా? చూశారు! జాన్ బ్రాండ్ అనే ఆయన జనం ఆచారాలను సేకరించి రాసేవాడు. 1790 అక్టోబర్‌లో కార్న్‌వాల్‌లోని లాన్సెస్టన్ దగ్గర ఒక పల్లెటూరి మనిషి ఆయనకి తన అనుభవం చెప్పాడు. నలుగురితో కలిసి నిఘా పెట్టి చూశాడట. ఏం కనిపించిందంటే,

పాత యెద్దులు రెండు మాత్రమె
పట్టి చూడగ మోకరిల్లెను.
మూగ గొంతుక మూల్గెనయ్యా
మనిషి ఏడ్చిన తీరుగా!

ఆ "రెండు మాత్రమే" అన్నది గమనించండి. అబద్ధం చెప్పేవాడైతే అన్నీ మోకరిల్లాయనేవాడు. ముసలి ఎద్దులు పడుకునేటప్పుడు ముందు ముంగాళ్లే మడుస్తాయి, కీళ్ల నొప్పికి మూలుగుతాయి. పశువులున్న ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. అతను చూసింది చూసినట్టే చెప్పాడనుకుంటాను. అర్థం మాత్రం ఆ రాత్రి ఇచ్చింది.

[తెర మీద: క్యాలెండర్ పేజీ. 1752 సెప్టెంబర్ 2 పక్కనే సెప్టెంబర్ 14.]

ఈ నమ్మకం ఒకసారి ప్రభుత్వానికే తలనొప్పి అయింది. 1752లో బ్రిటన్ పాత జూలియన్ క్యాలెండర్ వదిలి గ్రెగోరియన్ క్యాలెండర్‌కి మారింది. సెప్టెంబర్ 2 తర్వాతి రోజు సెప్టెంబర్ 14. పదకొండు రోజులు మాయం! ఆ ఏడాది క్రిస్మస్ వచ్చేసరికి జనానికి అనుమానం, అసలు పండగ ఏ రోజు? పార్లమెంటు చట్టం చేయగలదు, ఎద్దుకి నోటీసు పంపలేదు కదా. కొత్త తేదీన పశువులు వంగలేదని, తేనెటీగలు పాత క్రిస్మస్ రాత్రే తుట్టెలో ఝుమ్మన్నాయని, కాబట్టి పాతదే అసలు పండగని వాదించినవాళ్లు ఉన్నారు. ఆ పాత లెక్క అట్లాంటిక్ దాటి అమెరికాలోని అపలాచియన్ కొండలకూ వెళ్లింది. అక్కడ కొన్ని పల్లెల్లో చాలాకాలం జనవరి 6నే పాత క్రిస్మస్ అనేవారు. పశువులు మోకరిల్లేదీ ఆ తేదీకే.

నూట అరవై ఏళ్ల తర్వాత అవే ఎద్దులు లండన్ టైమ్స్ పత్రికలో కనిపించాయి. 1915 డిసెంబర్ 24. మొదటి ప్రపంచ యుద్ధంలో రెండో క్రిస్మస్. ఇంగ్లిష్ రచయిత థామస్ హార్డీకి అప్పటికి డెబ్బై అయిదేళ్లు, దేవుడి మీద నమ్మకం పోయి చాలాకాలమైంది. ఆయన రాసిన చిన్న పద్యం "ద ఆక్సెన్" ఆ రోజు అచ్చయింది. అందులో ఆయన చిన్నప్పుడు అందరూ పొయ్యి దగ్గర కూర్చుని ఉండగా ఒక పెద్దాయన, ఈపాటికి అవి మోకరిల్లి ఉంటాయి అంటాడు. ఎవరికీ అనుమానం రాదు. ఈ కాలంలో ఇలాంటివి ఎవరు నమ్ముతారు అంటూనే, ఇప్పుడు ఎవరైనా వచ్చి, పద చూద్దాం అని పిలిస్తే చీకట్లో వాళ్ల వెంట వెళ్తానంటాడు, నిజమైతే బాగుండునన్న ఆశతో. నమ్ముతున్నానని అనడు, నమ్మనని కూడా అనడు.

హార్డీకి మూడు వందల ఏళ్ల ముందే షేక్స్‌పియర్ ఇదే ఆట ఆడాడు. "హామ్లెట్" మొదటి రంగంలో దెయ్యం కనబడి మాయమయ్యాక ఒక సిపాయి అంటాడు, క్రిస్మస్ రోజుల్లో కోడి రాత్రంతా కూస్తుందట, ఆ కూతకి దెయ్యాలు బయట తిరగలేవట అని. పక్కనున్న హొరేషియో బాగా చదువుకున్నవాడు. అతని జవాబు: నేనూ విన్నాను, కొంతవరకు నమ్ముతాను. కొంతవరకే!

[తెర మీద: మంచు కొమ్మ మీద రాబిన్ పిట్ట.]

రాబిన్ పిట్ట సంగతి త్వరగా చెప్పేస్తాను, ఇది అందరికీ నచ్చే కథే.

చితుకు మంటకు రెక్కలూపుచు
చంటిపాపకు చలిని తరిమిన
చిన్నపిట్టకు గుండె మీదనె
నిప్పు రంగులు నిలిచెలే.

ఇదే పిట్ట రొమ్ము సిలువ దగ్గర ముళ్ల కిరీటం రక్తంతో ఎర్రబడిందని ఇంకో కథ. క్రిస్మస్ కార్డుల మీదకి రావడానికి మాత్రం వేరే కారణం చెబుతారు. విక్టోరియా రాణి కాలంలో పోస్ట్‌మ్యాన్‌లు ఎర్ర కోటు వేసుకునేవారు, జనం వాళ్లకి రాబిన్లని ముద్దుపేరు పెట్టారు. అలా కార్డు తెచ్చేవాడే కార్డు మీద ఎక్కాడు, ముక్కున ఉత్తరంతో.

ఇక మనుషుల్ని తినేది. ఐస్‌లాండ్.

ఉన్ని వడికితె ఊలు చొక్కా
ఒళ్ళు కప్పును, లేనివారిని
మంచుకొండల దిగిన మాయల
పిల్లి మెక్కును పండగకి!

యూల్ పిల్లి, అంటే క్రిస్మస్ పిల్లి అంటారు దీన్ని. గ్రీలా అనే రాకాసి పెంచుకునే పిల్లి ఇది. క్రిస్మస్‌కి కొత్త బట్ట ఒక్కటైనా రానివాళ్లని ఇది తినేస్తుంది. వెనక లెక్క ఏమిటంటే, శరదృతువులో వచ్చిన గొర్రె ఉన్నిని పండగలోపు ఏరి, వడికి, అల్లేయాలి. పని చేసినవాళ్లకి కొత్త బట్టలు వచ్చేవి, బద్ధకించినవాళ్లకి పిల్లి భయం. 1932లో కవి యోహానెస్ ఊర్ కోట్లుమ్ ఈ పిల్లి మీద పిల్లలకి ఒక గేయం రాశాక దేశమంతా దానికి భయపడటం నేర్చుకుంది. ఆయన గేయంలో ఇంకో వైపు కూడా ఉంది. కొత్త బట్ట రానిది బద్ధకస్తుడికే కాదు, పేదవాడికి కూడా కదా! అందుకే చివర్లో, మీ చుట్టుపక్కల ఎవరికైనా సాయం కావాలేమో చూడండి అంటాడు. ఇప్పుడు రేక్యవిక్ నగరం నడిబొడ్డున శీతాకాలంలో అయిదు మీటర్ల ఎత్తు లైట్ల పిల్లిని నిలబెడుతున్నారు. టూరిస్టులు దాని కాళ్ల మధ్య సెల్ఫీలు దిగుతారు, కొత్త జాకెట్లు వేసుకుని.

[తెర మీద: చీకటి వీధి. తెల్ల దుప్పటి కప్పుకున్న ఆకారం, పైన నిజమైన గుర్రం పుర్రె.]

ఆఖరిది వేల్స్ దేశపు మారి లూయిడ్. గుర్రం పుర్రెని కర్రకి గుచ్చి, రిబ్బన్లు కట్టి, తెల్ల దుప్పటి కింద ఒక మనిషి దూరి దవడలు టకటకలాడిస్తుంటాడు. క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజుల్లో ఇంటింటికీ తిరుగుతారు. మన గంగిరెద్దులవాళ్లు సంక్రాంతికి వచ్చినట్టే అనుకోండి, అయితే ఇక్కడ తలుపు మూసే ఉంటుంది, తెరిపించాలంటే పద్యం చెప్పి గెలవాలి. లోపలివాళ్లు పద్యంలోనే తిప్పికొడతారు. ఒకరి మీద ఒకరు ఆశువుగా విసురుకుంటారు, నీ గొంతు బావోలేదని, నువ్వు తాగి వచ్చావని. తెలుగులో అయితే ఇలా సాగేదేమో:

(బయటి నుంచి)
తలుపు తియ్యండమ్మ చలిగా,
తలకు మాంసం లేదు చూడరె,
రొట్టె ముక్కా, గుక్క బీరూ
పెట్టి పంపితె పోదుమే!

(లోపలి నుంచి)
పుర్రె కెందుకు బీరు చెప్పుము?
పొట్ట ఎక్కడ? గొంతు ఎక్కడ?
మళ్ళి పద్యం చెప్పి గెలిచిన
గడియ తీసెద మప్పుడే!

ఎంత బాగా తిప్పికొట్టినా చివరికి ఇంటివాళ్లే ఓడిపోవాలి, అది ఆచారం. గుర్రం లోపలికొస్తే ఏడాదంతా ఇంటికి మంచిదట. వచ్చాక పళ్లు కొరుకుతూ పిల్లల వెంటపడుతుంది, రొట్టె తిని, బీరు తాగి, పక్కింటి తలుపు దగ్గర మళ్లీ మొదటి పద్యం అందుకుంటుంది.