పోటీ అయ్యాక స్కోరెందుకు తగ్గింది? హామ్ రేడియో లాగులు దిద్దే లెక్క

[తెర మీద రెండు అంకెలు. పైన 15,600. కింద 13,688.]

నమస్తే అండి. హామ్ రేడియో అంటే లైసెన్సు తీసుకుని సరదాకి నడిపే రేడియో. పోటీలో ఎవరెవరితో మాట్లాడారో రాసుకునే పట్టికే లాగు. పోటీ ముగిసిన సోమవారం పొద్దున మీ లాగింగ్ సాఫ్ట్‌వేర్ పై అంకె చూపించిందనుకోండి. నెలల తర్వాత ఫలితాలొచ్చాయి. మీ కాల్‌సైన్, అంటే గాలిలో మీ స్టేషన్ పేరు, దాని ఎదురుగా కింది అంకె ఉంది. మధ్యలో 1,912 ఎటు పోయాయి? కోనసీమలో గానీ భీమవరం వైపు గానీ కొత్తగా పోటీల్లోకి దిగిన కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. "రేడియో పాతదండి, అందుకేమో" అంటారు. రేడియోకీ దీనికీ సంబంధం లేదు. ఆ పాయింట్లు మీవి కావని అవతలివాళ్ల లాగులు చెప్పాయి. అదెలాగో చూద్దాం.

సీక్యూ వరల్డ్ వైడ్ పోటీని ఉదాహరణగా తీసుకుంటున్నాను. హామ్‌లు వేల సంఖ్యలో దిగి, వీలైనంత ఎక్కువ స్టేషన్లతో మాట్లాడే పోటీ ఇది. అక్టోబరులో ఆఖరి పూర్తి శని, ఆదివారాల్లో మాటతో. నవంబరులో ఆఖరి పూర్తి శని, ఆదివారాల్లో మోర్స్‌తో, అంటే చుక్కలూ గీతల సంకేతాలతో. ఒక్కోటీ 48 గంటలు. యూటీసీ, అంటే ప్రపంచమంతా వాడే ఉమ్మడి టైము ప్రకారం శనివారం సున్నా గంటలకి మొదలు. అంటే మనకి పొద్దున ఐదున్నర.

నవంబరంటే మన డెల్టాలో కోతల రోజులు. ఎప్పుడు ఏ వాయుగుండం పడుతుందోనని ఒక చెవి వార్తల మీదే ఉంటుంది. రెండు కొబ్బరిచెట్ల మధ్య తీగ కట్టుకుని కూర్చున్నా, పక్క రొయ్యల చెరువు మీద ఏరేటర్లు తిరుగుతుంటే రిసీవర్లో ఒకటే రొద. ఆ రొదలో మీరు ఏం విన్నారో అదే రాయాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీంతో తర్వాత పనుంది.

[తెర మీద ప్రపంచ పటం, 40 జోన్లు. 22వ జోన్ పసుపు రంగులో.]

ముందు పాయింట్లు. వేరే ఖండం స్టేషన్‌తో మాట్లాడితే మీకు 3. ఆసియాలోనే వేరే దేశమైతే 1, జపానైనా శ్రీలంకైనా. మన దేశంలోనే అయితే సున్నా. ఇవి కాక మల్టిప్లయర్లున్నాయి. ప్రపంచాన్ని 40 జోన్లుగా విడగొట్టారు, మనది 22. ఒక్కో బ్యాండ్‌లో, అంటే ఒక్కో ఫ్రీక్వెన్సీల పట్టీలో, ప్రతి కొత్త జోన్‌కీ ఒకటి, ప్రతి కొత్త దేశానికీ ఒకటి. అండమాన్, లక్షద్వీప్ ఈ లెక్కలో విడి దేశాలు. మొత్తం పాయింట్లని మొత్తం మల్టిప్లయర్లతో గుణిస్తే స్కోరు. 160 మీటర్ల నుంచి 10 మీటర్ల దాకా ఆరు బ్యాండ్లు, ఆరింటి లెక్కా ఇంతే.

మొదట్లో నేను చెప్పిన అంకెలు చూడండి. అమలాపురం నుంచి ఒక స్టేషన్ 100 మందితో మాట్లాడింది. అందులో 80 మంది వేరే ఖండాలవాళ్లు, 240 పాయింట్లు. 20 మంది ఆసియావాళ్లు, 20 పాయింట్లు. మొత్తం 260. మల్టిప్లయర్లు, జోన్లూ దేశాలూ కలిపి 60. గుణిస్తే 15,600.

ఇక్కడో చిన్న తమాషా ఉంది. భీమవరంలో మీ స్నేహితుడితో మాట్లాడితే సున్నా పాయింట్లని చెప్పాను కదా, చాలామంది అందుకే పట్టించుకోరు. కానీ ఆ బ్యాండ్‌లో అంతవరకు మీకు ఇండియా రాలేదు, 22వ జోనూ రాలేదనుకోండి. ఆ సున్నా పాయింట్ల కాంటాక్టు రెండు మల్టిప్లయర్లు ఇస్తుంది. 60 కాస్తా 62 అవుతుంది, స్కోరు 16,120. గోదావరి పాయలు మాత్రమే దాటిన సిగ్నల్‌కి 520 పాయింట్లు! శ్రీలంక కూడా 22వ జోనే కాబట్టి ముందే వాళ్లు దొరికి ఉంటే జోన్ వచ్చేసినట్టే. అప్పుడు కలిసొచ్చేది ఒక్క మల్టిప్లయరే. అయినా వదులుకోవాల్సిన పని లేదు.

సరే, లాగు దగ్గరికి వద్దాం.

[తెర మీద లాగు ఫైలులోని ఒక వరస, పెద్ద అక్షరాల్లో: క్యూఎస్ఓ: 14025 సీడబ్ల్యూ 2023-11-25 0012 వీయూ2… 599 22 జేఏ1… 599 25]

ఈ ఫైలు తీరుని కాబ్రిల్లో అంటారు. మామూలు టెక్స్ట్ ఫైలే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. కాల్‌సైన్ల చివరి అక్షరాలు నేనే మూసేశాను. ఎడమ నుంచి చదవండి. క్యూఎస్ఓ అంటే ఒక కాంటాక్టు. 14025 కిలోహెర్ట్జ్. సీడబ్ల్యూ అంటే మోర్స్. తేదీ. టైము 0012 యూటీసీ, అంటే మన గడియారంలో 5:42. తర్వాత నా కాల్‌సైన్, నేను పంపింది: 599, 22. ఆ తర్వాత అవతలి జపాన్ స్టేషన్ కాల్‌సైన్, అతను పంపింది: 599, 25. ఇందులో 599 అనేది సిగ్నల్ ఎలా ఉందో చెప్పే అంకె, ఇప్పుడు లాంఛనం. రెండో అంకె జోన్. సిగ్నల్ చచ్చీచెడీ వినిపిస్తున్నా అందరూ 599 అనే ఇచ్చుకుంటారు. అసలు సరుకు కాల్‌సైను, జోను.

ఫైలు పైన 'నేను లెక్కేసుకున్న స్కోరు' అని ఒక గడి ఉంటుంది. మీ 15,600 అక్కడే ఉంటుంది. దిద్దేటప్పుడు దాన్నెవరూ చూడరు, మొదటి నుంచి మళ్లీ లెక్కగడతారు.

[తెర మీద రెండు లాగులు పక్కపక్కన.]

అంబాజీపేటకి కొబ్బరికాయల లోడు వెళ్లేటప్పుడు తోటలో రైతు ఒక లెక్క, కొన్నవాళ్ల గుమస్తా ఒక లెక్క రాసుకుంటారు. రెండూ కలిస్తేనే డబ్బు. రేడియో పోటీ దిద్దేదీ అచ్చం అలాగే. వచ్చిన లాగులన్నిటినీ ఒకచోట పోసి, సాఫ్ట్‌వేర్ మీ ప్రతి వరసకీ జోడీ వెతుకుతుంది. అదే బ్యాండ్, అదే మోడ్ (మాటా, మోర్సా), దాదాపు అదే టైము, అవతలివాడి లాగులో మీ కాల్‌సైన్. దొరికితే, మీరు రాసిన జోనూ అతను పంపిన జోనూ ఒకటేనా అని చూస్తుంది. ఒకటే అయితే ఆ వరస పాసు.

గడియారాల్లో కొద్ది నిమిషాల తేడా పరవాలేదు. లాగు మొత్తం ఒకే తేడాలో నడిస్తే సాఫ్ట్‌వేర్ పసిగడుతుంది కూడా. అలాగని యూటీసీ బదులు మన టైము పెట్టి పంపకండి.

జోడీ దొరకని వరసల దగ్గరే అసలు కథంతా.

మొదటి రకం, తప్పు కాల్‌సైన్. హామ్‌లు బస్టెడ్ కాల్ అంటారు. మోర్స్‌లో ఎస్ అంటే మూడు చుక్కలు, హెచ్ అంటే నాలుగు. ఏరేటర్ల రొదలో ఒక చుక్క మునిగిపోతే హెచ్ కాస్తా ఎస్ అవుతుంది. మీరు రాసిన ఎస్ స్టేషన్ ఆ పోటీలోనే లేదు. కానీ అదే నిమిషంలో అదే బ్యాండ్‌లో, చివర హెచ్ ఉన్న స్టేషన్ లాగులో మీ కాల్‌సైన్ ఉంది. ఇంకేం, దొరికిపోయారు. అవతలివాడు మిమ్మల్ని సరిగ్గానే రాసుకున్నాడు కాబట్టి అతని పాయింట్లు అతనికి భద్రం. పోయేవి మీవే. మాటల పోటీలో అయితే బీ, డీ, పీ, టీ ఇలాగే ఏడిపిస్తాయి. అందుకే బ్రావో, డెల్టా, పాపా, టాంగో అని పలుకుతారు.

రెండో రకం, లాగులో లేదు. నాట్ ఇన్ లాగ్, ముద్దుగా నిల్. అవతలివాడు లాగు పంపాడు, అందులో మీరు లేరు. ఇది ఎలా జరుగుతుందో చెప్తాను. ఇటలీ స్టేషన్ ఒకటి పిలుస్తోంది. అమలాపురం నుంచి మీరు, పాలకొల్లు నుంచి ఇంకొకరు, ఇద్దరూ ఒకేసారి జవాబిచ్చారు. అతనికి సగమే అందింది, ఇద్దరి కాల్‌సైన్లకీ మొదట్లో ఉండే వీయూ2 మాత్రమే. "వీయూ2 మళ్లీ చెప్పండి" అన్నాడు. ఇద్దరూ మళ్లీ చెప్పారు. అతను పాలకొల్లు వాళ్లకి జోన్ ఇచ్చాడు. మీకే అనుకుని మీరు "థాంక్యూ, 22" అనేసి రాసుకుని ముందుకెళ్లిపోయారు. నాలుగు నెలలు పోయాక తెలుస్తుంది, ఆ కాంటాక్టు మీది కాదని. అవతలివాడి నోట మీ పూర్తి కాల్‌సైన్ వినేవరకు ఎంటర్ కొట్టకండి.

నిల్‌లో ఇంకో రకం మరీ దారుణం. రాజోలు వైపు మావాడొకడు రేడియోకీ ల్యాప్‌టాప్‌కీ మధ్య కేబుల్ లేకుండా పోటీ ఆడాడు. రేడియోలో బ్యాండ్ మార్చాడు, సాఫ్ట్‌వేర్‌లో మార్చడం మరిచిపోయాడు. రిపోర్టు చూశాక ఫోన్ చేశాను. "ఏరా, ఇరవై మీటర్లలో మాట్లాడినవాళ్లందర్నీ పదిహేనులో రాశావేంట్రా?" "ఏదైతే ఏంట్రా, మాట్లాడాను కదా!" అన్నాడు. మాట్లాడాడు, నిజమే. జోడీ మాత్రం కలవలేదు.

మూడో రకం, జోన్ తప్పు. చాలా సాఫ్ట్‌వేర్లు కాల్‌సైన్ కొట్టగానే జోన్ కూడా తామే నింపేస్తాయి. అమెరికాలో ఇది గోతిలో పడేస్తుంది. కాల్‌సైన్‌లో అంకె 6 ఉంటే పడమటి తీరమని సాఫ్ట్‌వేర్ 3 వేస్తుంది. ఆ మనిషి ఫ్లోరిడాకి మారిపోయి అదే కాల్‌సైన్ వాడుతూ 5 పంపుతున్నాడు. మీరు వినకుండా ఎంటర్ కొట్టారా, అంతే.

ఒక్క లాగులో తప్ప ఇంకెక్కడా కనపడని కాల్‌సైన్లని యూనిక్ అంటారు. అవి తప్పులే అని చెప్పలేం. ఒకే ఒక్కడితో మాట్లాడి రేడియో కట్టేసినవాడు కూడా ఉంటాడు కదా. ఈ పోటీలో వాటిని అలాగే వదిలేస్తారు. ఒకే స్టేషన్‌తో అదే బ్యాండ్‌లో రెండోసారి మాట్లాడితే దానికి పాయింట్లు రావు, జరిమానా కూడా లేదు. వాటిని మీరుగా తీసేయకండి. మొదటిది నిల్ అయితే రెండోది ఆదుకుంటుంది.

[తెర మీద లెక్క ఒక్కో వరసగా.]

ఇప్పుడు కత్తిరింపు. జోన్ తప్పయితే ఆ కాంటాక్టు పోతుంది, అక్కడితో సరి. కాల్‌సైన్ తప్పయినా, నిల్ అయినా కాంటాక్టు పోవడమే కాక, దాని పాయింట్లకి రెండింతలు జరిమానా. మన అమలాపురం స్టేషన్‌కి యూరప్ కాంటాక్టుల్లో రెండు తప్పు కాల్‌సైన్లు, ఒక నిల్ తేలాయి. మూడు మూళ్లు 9 పోయాయి, జరిమానా 18. ఒక చైనా స్టేషన్ 23 పంపితే సాఫ్ట్‌వేర్ వేసిన 24ని అలాగే ఉంచేశాడు, ఇంకో 1 పోయింది. 260లోంచి 28 తీస్తే 232. తప్పుపోయిన కాల్‌సైన్లలో ఒకటి ఆ బ్యాండ్‌లో ఆ దేశానికి ఏకైక కాంటాక్టు, కాబట్టి మల్టిప్లయర్లు 59. 232 ఇంటూ 59, మొత్తం 13,688. వందలో నాలుగు తప్పులకి స్కోరులో నూటికి 12 పైన హాంఫట్.

నాకైతే ఈ జరిమానా న్యాయంగానే అనిపిస్తుంది. అది లేకపోతే సగం విని, మిగతా సగం ఊహించి రాసేవాడికే లాభం.

"పోటీ అయ్యాక తీరిగ్గా కూర్చుని దిద్దుకోవచ్చు కదా?" అని అడుగుతారు. కూడదు. ఇంటర్నెట్‌లో జాబితాలు చూసి గానీ, రికార్డింగ్ మళ్లీ విని గానీ, అవతలివాడికి మెయిల్ పెట్టి గానీ కాల్‌సైన్, జోన్ మార్చడం నిబంధనలకి విరుద్ధం. రొదలో ఏం విన్నారో అదే రాయాలని మొదట్లో అన్నది ఇందుకే. టైపు చేస్తూ చేస్తూ, పోటీ నడుస్తుండగానే దిద్దుకోవచ్చు, అది వేరు.

పట్టుకోలేరనుకుంటే పొరపాటు. నిర్వాహకులు పోటీ జరిగినంతసేపూ బ్యాండ్లని ఎస్‌డీఆర్ రిసీవర్లతో, అంటే సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే రేడియోలతో, రికార్డు చేయిస్తారు. ఫలానా నిమిషంలో గాలిలో ఏం నడిచిందో మళ్లీ వినొచ్చు. ప్రపంచ స్థాయిలో, ఖండం స్థాయిలో మొదటి ఐదు స్థానాలకి ఒంటరిగా పోటీపడేవాళ్లు తమ ఆడియో తామే రికార్డు చేసి పెట్టుకోవాలి, అడిగితే ఇవ్వాలి. మన తీగ యాంటెనాలకి ఆ టెన్షన్ లేదు లెండి.

లాగు పంపడానికి గడువు పోటీ ముగిశాక ఐదు రోజులు. వెబ్‌సైట్లో ఫైలు ఎక్కిస్తే సాఫ్ట్‌వేర్ అప్పటికప్పుడు చదివి, తీరు తప్పితే చెప్తుంది. "ముప్పై కాంటాక్టులకి లాగేం పంపుతాంలెండి" అని మానేస్తుంటారు మనవాళ్లు. పంపండి. మీతో మాట్లాడిన ఆ ముప్పై మంది వరసలకి జోడీ మీ దగ్గరే ఉంది. ఫలితాల్లో పేరు వద్దనుకుంటే చెక్‌లాగ్ అని పెట్టి పంపండి, దిద్దడానికి మాత్రమే వాడుకుంటారు.

[తెర మీద రిపోర్టు ఫైలు, నెమ్మదిగా కిందికి జరుగుతూ.]

ఫలితాలతో పాటు మీకో రిపోర్టు వస్తుంది. మీ తప్పు కాల్‌సైన్లు, పక్కన సరైనవి, నిల్‌లు, పోయిన మల్టిప్లయర్లు. చాలామంది ఇక్కడిదాకా చూసి నిట్టూర్చి మూసేస్తారు. ఇంకా కిందికి రండి. మీ కాల్‌సైన్‌ని తప్పుగా రాసుకున్న స్టేషన్ల జాబితా ఉంటుంది. దానివల్ల మీకు పాయింట్లు పోవు, కానీ నేను ముందు చదివేది అదే. మీ కాల్‌సైన్ చివర హెచ్ ఉంది, పదిమంది ఎస్ అనో 5 అనో రాసుకున్నారనుకోండి, తప్పు వాళ్ల చెవిది కాదు. మీరు పంపే స్పీడెక్కువ. నిమిషానికి 28 మాటల్లో పంపుతుంటే 24కి దించండి, జవాబివ్వగానే కాల్‌సైన్ ఇంకోసారి పంపండి. వచ్చే ఏడాది రిపోర్టులో ఆ జాబితా పొడవు ఎంతుందో చూడండి.