సైరన్ మోగితే ఆర్డర్ ఎవరివ్వాలి?

[తెర మీద: అరచేతిలో చిన్న తెల్ల మాత్ర]

ఇది పొటాషియం అయొడైడ్. అణు విద్యుత్ ప్లాంటులో ప్రమాదం జరిగితే, రేడియోధార్మిక అయొడిన్ గాల్లో కలిసి మన ఒంట్లోకి చేరేలోపే దీన్ని వేసుకోవాలి. అప్పుడు థైరాయిడ్ గ్రంథి మంచి అయొడిన్‌తో నిండిపోయి, చెడ్డదానికి చోటుండదు. బాగా ఆలస్యమైతే వేసుకున్నా దండగే. మరి 'ఇప్పుడు వేసుకోండి' అని చెప్పాల్సింది ఎవరు?

[మ్యాప్: చెన్నైకి దక్షిణాన కల్పాక్కం అణు విద్యుత్ ప్లాంటు]

మన రాజ్యాంగంలో అణుశక్తి కేంద్ర జాబితాలో ఉంది. పోలీసు, ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. తిరకాసంతా ఇక్కడే.

ప్రమాదం కాంపౌండు లోపల ఉన్నంతసేపు ప్లాంటు వాళ్లే చూసుకోవాలి. గోడ దాటేలా ఉందంటే కబురు చెంగల్పట్టు కలెక్టర్‌కు వెళ్లాలి. ఊళ్లు ఖాళీ చేయించడం, బస్సులు తెప్పించడం, మాత్రలు పంచడం, ఆ చుట్టుపక్కల పాలు అమ్మకుండా ఆపడం, అన్నీ జిల్లా యంత్రాంగం నెత్తినే. కొలతలు, సలహాలు అణుశక్తి శాఖవి. సాయానికి జాతీయ విపత్తు దళం ఎన్డీఆర్‌ఎఫ్ వస్తుంది.

రెండేళ్లకోసారి బయటి ఊళ్లతో కలిపి మాక్ డ్రిల్ చేస్తారు. కానీ మన దగ్గర కలెక్టర్లు ఒకే జిల్లాలో ఎన్నాళ్లుంటారో మీకు తెలిసిందే. ఈ డ్రిల్ చేసినాయన వచ్చే డ్రిల్ నాటికి ఇంకెక్కడో ఉంటారు!

[తెర మీద: జపాన్, 2011 మార్చి 15]

ప్రమాదం జరిగిన ఫుకుషిమా అణు ప్లాంటుకు సుమారు 50 కి.మీ. దూరంలో మిహారు అనే చిన్న పట్టణం ఉంది. గాలి తమవైపు తిరుగుతోందని, వాన పడేలా ఉందని అక్కడి మున్సిపాలిటీ వాళ్లు గమనించారు. మాత్రలు చేతిలో ఉన్నాయి, పైనుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇక ఆగలేక 40 ఏళ్లలోపు వాళ్లకు పంచేశారు. అది తెలిసి ప్రిఫెక్చర్, అంటే మన రాష్ట్ర ప్రభుత్వంలాంటిది, 'కేంద్రం చెప్పకుండా ఎలా ఇచ్చారు? వెనక్కి తీసుకోండి' అంది. మిహారు వినలేదు.

మాత్రలు ఉండి కూడా ఆర్డర్ కోసం చూస్తూ కూర్చున్న పట్టణాలు ఆ చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. వాళ్లని తప్పుపట్టలేం, రూలు అదే కదా.

[మ్యాప్: కొవ్వాడ తీరం, చుట్టూ ఒక వృత్తం]

మన శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఒక్కోటి 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలన్నది ప్రతిపాదన. మన దేశంలో అత్యవసర ప్రణాళికకు మొదటినుంచీ లెక్కలోకి తీసుకుంటున్న దూరం 16 కి.మీ. కొవ్వాడ చుట్టూ అంత వృత్తం గీస్తే విజయనగరం జిల్లా ఊళ్లూ లోపలికొస్తాయి. అంటే అక్కడ ప్రమాదం జరిగిన రాత్రి ఫోన్ రెండు కలెక్టరేట్లలో మోగాలి.